ఇరవై చేదలు

సంచిక కమిటీ వారు ఉత్తరం రాసి, మన 1979 పదో తరగతి బ్యాచ్ తరఫున బోర్డింగ్ జ్ఞాపకాలు రెండు పేజీలు పంపమని అడిగారు. ఆసుపత్రి రిజిస్టర్లలో తప్ప ఇంత పొడుగు రాత నేనెప్పుడూ రాయలేదు. అయినా ఈ మాట నేను రాయకపోతే మరొకరు రాస్తారన్న నమ్మకం లేక కూర్చున్నాను.

చింతచెట్టు కోర్టు గురించీ, మూడో కిటికీ గురించీ, ఆదివారం పప్పుచారులో దొరికిన తాళంచెవి గురించీ రాయడానికి మన నాగాయలంక నలుగురిలో మిగిలినవారు ఉన్నారు. గంట అక్క ఎలాగూ గంట గురించే రాస్తుంది. నేను మాత్రం బావి గురించి, దాని పక్కన ఎనిమిది నెలలు నిలబడిన మన టీచరు గారి గురించి రాస్తాను. పేరు రాయకపోయినా ఎవరి గురించో మీకు తెలుసు.

1977 నవంబరు 19, శనివారం రాత్రి ఏం జరిగిందో మనలో ఎవరికీ చెప్పనక్కరలేదు. పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలిన కృష్ణమ్మ మధ్యనున్న దివిసీమ మీదికి తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు వచ్చాయని పెద్దలు అన్నారు. ఆ ఉప్పెన 10,000 మందికి పైగా ప్రాణాలు తీసుకుపోయిందని తరువాత పేపర్లలో చదివాము. మన బడి ఇసుక దిబ్బ మీద ఉండడం వల్ల, మనమంతా మేడ మీది హాలులో ఉండడం వల్ల బ్రతికాము. సొర్లగొంది వైపు పిల్లలకు ఆ తరువాత ఇంటి నుంచి ఉత్తరాలు రాలేదు. ఆ రాత్రి గురించి ఇంతకన్నా రాయను.

నీళ్ళు తీసిన తరువాత మన చేదబావిలో సముద్రం మిగిలింది. ఆ బావి నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవంటే, పెళ్ళిళ్ళకు ఊళ్ళోవాళ్ళు బండి కట్టుకుని వచ్చి కాగులతో తీసుకుపోయేవారు. ఇప్పుడు అందులో నోట పెట్టుకోలేని ఉప్పు. త్రాగడానికి లారీ ట్యాంకర్ల నీళ్ళు, వాటిలో బ్లీచింగ్ పౌడరు వాసన. బడి తిరిగి తెరిచిన వారంలో పెద్ద తరగతుల మగపిల్లలందరూ వచ్చి, తెల్లవారి నుంచి సాయంత్రం వరకు వంతులు వేసుకుని బావిని తోడేశారు. గిలక వేడెక్కి పొగ వస్తుందేమో అన్నంతగా తోడారు. మరునాడు ఊరిన నీళ్ళు మొదటి రోజుకన్నా ఉప్పగా ఉన్నాయి. చప్టా మీద కూర్చుని చాలామంది ఏడ్చారు. ఇళ్ళు పోయినప్పుడు ఏడవనివాళ్ళు కూడా ఆ రోజు ఏడ్చారు.

అప్పుడు టీచరు గారు మనల్ని తరగతిలోకి పిలిచి నల్లబల్ల మీద బొమ్మ గీశారు. సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల క్రింద అడుగున ఎప్పుడూ ఉప్పునీరే ఉంటుందనీ, ఏటేటా కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, తేలిక గనుక దాని మీద పాల మీద మీగడలా నిలుస్తుందనీ, ఆత్రపడి లోతుగా తోడితే మీగడ పోయి అడుగునున్న ఉప్పు పైకి వస్తుందనీ చెప్పారు. "మనం చేయగలిగింది పైన పడ్డ ఉప్పును కొద్దికొద్దిగా తీసిపారేయడం. తియ్యటి నీళ్ళు మనం చేయలేము, అవి పైనుంచి రావాలి. ఈ రోజుకు ఇరవై చేదలు చాలమ్మా" అన్నారు.

ఆ మాట ప్రకారమే జరిగింది. ప్రార్థన గంటకు ముందు ఇద్దరేసి అమ్మాయిలు ఇరవై చేదలు తోడాలి. ఇరవై ఒకటో చేద వేస్తే ఊరుకునేవారు కాదు. తోడిన నీళ్ళు చప్టా మీద పోయకూడదు, ఎందుకంటే అవి మళ్ళీ ఇసుకలోకి ఇంకి బావిలోకే వస్తాయి. బిందెలకెత్తుకుని డొంక అవతల మురుగు కాలువ దాకా మోసి అక్కడ వంచాలి. డిసెంబరు చలిలో తడి లంగాలతో ఆ డొంక దాటడం నాకిప్పటికీ కాళ్ళకు తెలుస్తుంది. శనివారం సాయంత్రం టీచరు గారు చేదలోంచి దోసిట్లోకి నీళ్ళు వంపుకుని, నాలుకకు తాకించి, కాసేపు కళ్ళు మూసుకుని, పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుతో స్నానాల గది చూరు క్రింద గోడ మీద తేదీ వేసి ఒక మాట రాసేవారు. "ఉప్పు." మరుసటి శనివారం దాని క్రింద మళ్ళీ "ఉప్పు." క్రిస్మస్ ముందు రోజు కూడా "ఉప్పు" అనే రాశారు. పండుగ అని ఒక అక్షరం తగ్గించలేదు. అబద్ధంతో పిల్లలను ఓదార్చని ఆ గోడే నాకు విశ్వాసాన్ని నేర్పిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే బయటి ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి, దివిసీమ పాపానికి దేవుడు పంపిన శిక్ష ఈ ఉప్పెన అని వాక్యం చెప్పిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సొర్లగొంది పిల్లలు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన వెళ్ళిపోయిన తరువాత టీచరు గారు దీపాలు ఆర్పనివ్వలేదు. లూకా సువార్త తెరిచి, సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్ళు యెరూషలేములోని మిగతావారికన్నా పాపులు కారని ప్రభువే చెప్పిన చోటు మన చేత చదివించారు. "సముద్రం ఎందుకొచ్చిందో నాకు తెలియదు. మీ అమ్మానాన్నలు చెడ్డవాళ్ళు కాబట్టి రాలేదని మాత్రం తెలుసు" అన్నారు. ఆ రాత్రి ముందు వరస పిల్లలు ఆవిడ గదిలోనే పడుకున్నారు. దేవుని గురించి తెలియనిదాన్ని తెలియదని చెప్పగల ధైర్యం, అంతకుముందు గానీ ఆ తరువాత గానీ నేను చాలామంది దగ్గర చూడలేదు.

సంక్రాంతి ముందో తరువాతో, బైబిలు తరగతిలో ఎలీషా ప్రవక్త యెరికో ఊటలో ఉప్పు వేసి చెడ్డ నీళ్ళను బాగుచేసిన కథ వచ్చింది. మనలో ఒకరు లేచి, "టీచరు గారండీ, ఆయన ఉప్పు వేస్తే నీళ్ళు బాగయ్యాయి, మన బావిలో ఉప్పు పడితే ఎందుకు పాడయ్యాయండీ?" అని అడిగారు. ఉప్పెన తరువాత ఆవిడ నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. చాలాసేపు ఆలోచించి, "మనకు ఉప్పు ఇవ్వలేదమ్మాయ్, చేద ఇచ్చాడు. ఎవరి చేతికి ఏది ఇస్తే వాళ్ళు దానితో పని చేయాలి" అన్నారు. వేదాంత కళాశాలల్లో చదివిన పాస్టరు గార్ల ప్రసంగాలు తరువాత ఎన్నో విన్నాను గాని, ఆ జవాబుకు సాటి వచ్చేది వినలేదు.

వేసవి సెలవులకు మనమంతా చుట్టాల ఇళ్ళకు పోయాము. పోవడానికి ఇల్లు లేని ఇద్దరినీ దగ్గర పెట్టుకుని, సెలవు రోజుల్లో కూడా టీచరు గారే ఇరవై చేదలు తోడారని తిరిగి వచ్చాక గోడ చూసి తెలుసుకున్నాము. మే నెల తేదీలన్నీ వరసగా ఉన్నాయి. జూన్‌లో తొలకరి పడింది. "తక్కువ ఉప్పు" అన్న రెండు మాటలు గోడ మీద కనిపించిన రోజున వంటమ్మ పరుగెత్తి వచ్చి చూసింది. జూలైలో వారం రోజులు ఆగకుండా కురిసిన వాన వెలిసిన శనివారం, టీచరు గారు నీళ్ళు నాలుకకు తాకించి, ఏమీ మాట్లాడకుండా, ఆ చేదను ముందుగా ఇళ్ళు పోయిన పిల్లల చేతికి ఇచ్చారు. వాళ్ళు త్రాగిన తరువాతే మన వంతు వచ్చింది. ఆ రోజు గోడ మీద బొగ్గుతో రాసింది ఆ పిల్లలే: "మంచినీళ్ళు."

ఆ తరువాతి ఏడాది గురించి నాకు పెద్దగా గుర్తు లేదు. పరీక్షలు రాశాము, ఫోటో దిగాము, ట్రంకు పెట్టెలు బస్సు మీదికి ఎక్కించాము.

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు నెలకొల్పిన ఆసుపత్రిలో నర్సింగు చదివి, ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నా చేతుల మీదుగా ఎంతమంది బిడ్డలు భూమ్మీద పడ్డారో లెక్క పెట్టలేదు గాని, బజారులో ఎవరైనా ఆగి "సిస్టరు గారూ, వీడు మీ చేతుల్లోనే పుట్టాడండీ" అంటే నాకు ఆ పూటంతా ఆకలి తెలియదు. మా అమ్మాయి ఇప్పుడు పిల్లల డాక్టరు. కూలి చేసి బోర్డింగ్‌కు పంపిన మా నాన్నగారికి ఈ సంగతి చూసే భాగ్యం కలగలేదు.

2016లో మావారికి పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు, మాట పడిపోయాయి. గుటక వేయడం కూడా రాక ముక్కులోంచి గొట్టం వేశారు. వేలమంది రోగులకు ధైర్యం చెప్పిన నాకు మొదటి రెండు నెలలు ప్రార్థన రాలేదు. మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని గాని మాట వచ్చేది కాదు. సంఘంవాళ్ళు వచ్చి పాటలు పాడి, తప్పక లేచి నడుస్తారని చెప్పి వెళ్ళేవారు, వాళ్ళ ప్రేమకు నేను ఋణపడి ఉన్నాను. అయితే ఆ మాటలేవీ నాలోకి దిగలేదు. ఒక తెల్లవారుజామున ఆయన ముడుచుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పుతూ, తెలియకుండానే లెక్కపెడుతున్నాను. ఇరవైకి వచ్చి ఆగాను. ఆగిన చోట టీచరు గారి గొంతు వినబడింది. ఆ రోజు నుంచి ఉదయం ఇరవై, సాయంత్రం ఇరవై. అంతకు మించి ఆత్రపడి ఆయనను అలసటపెట్టలేదు. గోడకున్న క్యాలెండరు మీద ఉన్నది ఉన్నట్టు రాశాను. "లేదు", "లేదు", "కొంచెం." నాలుక క్రింద చెంచాతో నీళ్ళు వేసి గుటక కోసం గొంతు మీద వేలు పెట్టి కనిపెట్టుకుని ఉండే ఆ క్షణాల్లోనే నా ప్రార్థన తిరిగి వచ్చింది. పదకొండో నెలలో ఆయన ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని, దగ్గు లేకుండా నీళ్ళు త్రాగారు. నడక రాలేదు. మాటలు నాలుగైదు వచ్చాయి, వాటిలో నా పేరు ఒకటి. వేళ్ళు విప్పడం నా పని, మిగిలింది పైనుంచి రావలసిన వాన, వచ్చినంత వచ్చింది, దానికి దేవునికి స్తోత్రం.

టీచరు గారు పోయినప్పుడు నేను డ్యూటీలో ఉండి వెళ్ళలేకపోయాను. ఆ బాధ తీరనిది.

చివరిగా కమిటీ వారికి ఒక విన్నపం. కొత్త ప్రహరీ కోసం బావిని పూడ్చాలన్న ఆలోచన ఉన్నట్టు తెలిసింది. దయచేసి పూడ్చవద్దు. అందులో పడిన చెత్త తీయించడానికి, ఒరల మీద ఇనుప జాలీ వేయించడానికి అయ్యే ఖర్చు నా పెన్షనులోంచి నేను ఇస్తాను, దీనికి చందాలు వేయనక్కరలేదు. స్నానాల గది గోడకు సున్నం కొట్టి చాలా ఏళ్ళయిందని విన్నాను, కాబట్టి ఆ బొగ్గు అక్షరాలు కనబడతాయని నేను ఆశపడడం లేదు. పాత గిలక సామాన్ల గదిలో ఉంటే వెతికి బయట పెట్టించండి. కలిసే రోజున ప్రార్థన గంటకు ముందే నాగాయలంక వాళ్ళు, గంట అక్క బావి దగ్గరకు రావాలి. చేంతాడు నేను తెస్తాను.