ఏ నెల నీళ్లు?

గత వారం నా ఆర్కిటెక్చర్ థీసిస్ చివరి జ్యూరీ, అంటే గీసిన డిజైన్‌ను పరీక్షకుల ముందు పెట్టి జవాబు చెప్పుకునే సమీక్ష, ముగిసింది. స్థలం శ్రీకాళహస్తిలో, ఆలయం పక్కగా స్వర్ణముఖి ఉత్తరానికి తిరిగి పారే చోటు. తిరుపతి నుంచి ఉదయం బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చన్నదే దాన్ని ఎంచుకోవడానికి మొదటి కారణమని ఒప్పుకోవాలి. యాత్రికులకు స్నానఘట్టం, నీడ, చిన్న అంగళ్లు, ఊరివాళ్లు కూర్చునే మెట్లు నా ప్రతిపాదన. స్థల పరిశీలన, కేస్ స్టడీ, కాన్సెప్ట్ నెల రోజుల్లో సాఫీగా అయిపోయాయి.

రెండో జ్యూరీకి బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఒకరు, సెక్షన్‌లో (స్థలాన్ని నిలువుగా కోసి చూపే బొమ్మ) నదికి నేను వేసిన నీలిపట్టీ మీద పెన్సిలు మొన ఆనించి, "అంగళ్లు నదికి 50 మీటర్ల దూరంలో ఉన్నాయన్నావు, ఎక్కడి నుంచి కొలిచావు?" అని అడిగారు. నీటి అంచు నుంచి అన్నాను. "ఏ నెల నీళ్లు?" అన్నారు. ఈశాన్య రుతుపవనాల వానలకు ఏరు పారుతున్నప్పుడు, డిసెంబరులో తీసిన ఉపగ్రహ చిత్రం మీద ఆ గీత గీశానని అప్పుడు గుర్తొచ్చింది. "ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే ఏటికి ఇంత రంగు ఎందుకు వృథా చేశావయ్యా" అనగానే తరగతి మొత్తం నవ్వింది. వేసవి సెలవుల్లో అదే ఇసుకలో క్రికెట్ ఆడినవాణ్ణి, తల ఎత్తలేకపోయాను.

2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పట్టణ పరిధిలో నదికి, కట్టడాలకు మధ్య వదలాల్సిన ఆ 50 మీటర్లను నది హద్దు నుంచి లెక్కించాలి. హద్దు తేల్చవలసింది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. ఒక ఆఫీసులో సర్వే నంబరు లేనిదే పటం ఇవ్వలేమన్నారు; మరొక చోట పటం లేనిదే నంబరు ఎలా చెబుతామన్నారు. నాలుగోసారి వెళ్తే గుమాస్తా, "చదువుకునే పిల్లలకు ఇదంతా ఎందుకు, ఏదో ఒక గీత గీసుకో బాబూ" అని సలహా ఇచ్చాడు. మీరు వెళ్తే దరఖాస్తు రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోకుండా కదలకండి.

మే నెలలో ఏట్లోకి దిగాను. మా బ్యాచిలో ఏటి నడుమ నిలబడి లెవెల్ (నేల ఎత్తు కొలత) తీసింది నేనొక్కణ్ణే. అక్కడ మూరెడు లోతు చెలమ తీసి మేకలకు నీళ్లు పెడుతున్న పెద్దాయన నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి, తన కొట్టం గోడ మీద 2021 నవంబరు వరద మిగిల్చిన బురద చార చూపించి, "ఈడిదాకా వచ్చింది నాయనా" అన్నాడు. లెవెల్ కలిపి చూస్తే నా అంగళ్ల గచ్చు ఆ చారకు మూడడుగులు కిందుంది.

అంగళ్లను గట్టు అవతలికి జరిపాను. మెట్లను మునిగినా చెడని రాతితో ఇసుక దాకా దించాను. చివరి జ్యూరీకి సెక్షన్ రెండుసార్లు గీశాను, ఒకటి మే నెలకు, ఒకటి నవంబరుకు. మే సెక్షన్‌లో నీలిరంగు చెలమ ఉన్న చోట చిన్న చుక్క మాత్రమే. అదే ఆర్కిటెక్టు మళ్లీ వచ్చి, వంగి చూసి, ఆ చుక్క ఏమిటని అడిగారు.