నక్షత్రంలో దాక్కున్న 74

మాడ్రిడ్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో ఆదివారం వస్తే ఏమీ తోచేది కాదు. ప్లాజా మాయోర్ వసారాల కింద ఆ పూట పాత నాణేలు అమ్ముతారని తెలిసి వెళ్లడం మొదలుపెట్టా. మొదటి వారమే బోల్తా పడ్డా. 1871 నాటి ఐదు పెసెటాల (స్పెయిన్ పాత డబ్బు) వెండి నాణెం, మీద గడ్డం రాజు అమడేయో బొమ్మ. బేరమాడి సగానికి దించానని మురిసిపోయా కూడా.

ఇంటికొచ్చి తూస్తే 22 గ్రాములు! ఎంతుండాలో నాణెం వెనకే స్పానిష్‌లో రాసుంది: కిలోకి 40 నాణేలు, వెయ్యింట 900 వంతులు వెండి. అంటే ఒక్కోటి 25 గ్రాములు. చదవడం రాక కాదు, బేరం సంబరంలో చదవలేదు.

రెండోసారి జేబులో చిన్న కాటా పెట్టుకెళ్లా. ఇంకో అంగడి తాత అలాంటి నాణేన్నే ఏమీ అనుకోకుండా తూచుకోనిచ్చాడు. 24.8. అరుగుదల పోను సరిపోయింది, తెచ్చేశా.

ఇంట్లో నీళ్ల పరీక్ష. గ్లాసుడు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేసి, కుట్టు దారానికి కట్టిన నాణేన్ని అడుగు తగలకుండా ముంచా. చెయ్యి వణికి రెండుసార్లు చెడింది. మూడోసారి 2.4 గ్రాముల దగ్గర నిలిచింది, అంటే నాణెం పక్కకి నెట్టిన నీళ్ల బరువు. 24.8ని దాంతో భాగిస్తే సాంద్రత 10.3. పదో వంతు రాగి కలిసిన వెండికి అంతే రావాలి.

అయినా అనుమానం తీరలేదు. ఒకప్పుడు ఈ నాణేల్లో వెండి ఖరీదు ముఖవిలువ కంటే బాగా తక్కువ. అందుకని దొంగలు అసలు వెండితోనే నకిలీలు కొట్టేవాళ్లు. 'సెవిల్లా దూరోలు' అనేవాళ్లు వాటిని (దూరో అంటే ఐదు పెసెటాల నాణెం). 1908లో ప్రభుత్వమే పూనుకుని ఏరివేసింది. సరే, భూతద్దం పట్టుకుని గడ్డం వెంట్రుకలతో సహా అసలు నాణెం ఫొటోలతో పోల్చుతూ కూర్చున్నా.

అప్పుడు కనపడింది. 1871కి అటూ ఇటూ ఉన్న బుల్లి నక్షత్రాల్లో, ఎడమ దాంట్లో 18, కుడి దాంట్లో 74. నిజంగా అచ్చయిన ఏడాది అదీ, 1874!

1868 తిరుగుబాటులో స్పెయిన్ రాణి ఇసబెల్‌ని తరిమేశాక, ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జనరల్ ప్రిమ్ ఇటలీ నుంచి తెప్పించిన రాజు ఈ అమడేయో. ఆయన మాడ్రిడ్ చేరేలోపే ప్రిమ్‌ని కాల్చి చంపారు. రెండేళ్లు నెట్టుకొచ్చి 1873 ఫిబ్రవరి 11న నా వల్ల కాదని దిగిపోయాడు. ఆ రోజే రిపబ్లిక్ వచ్చింది. 1874లో దాదాపు ఏడాదంతా దేశానికి రాజే లేడు, టంకశాలలో మాత్రం వెళ్లిపోయిన రాజు మొహమే అచ్చవుతోంది.

ఫోన్‌లో చెబితే నాన్న ఒకటే నవ్వు. "మన దగ్గరైతే ప్రభుత్వం మారగానే పాస్‌బుక్కుల మీద బొమ్మ కూడా మార్చేస్తారు కదరా!"

ఆ 22 గ్రాముల దాన్ని పారేయలేదు. కాటా డబ్బాలోనే పడేసి ఉంచా.