పుట్టిన తేదీకి పడిన నంబరు

శ్రీకాకుళంలో తెల్లవారుజామున నడకకు వెళ్తే, కోడి రామ్మూర్తి స్టేడియం దగ్గర సైన్యంలో చేరేందుకు పరుగు సాధన చేసే కుర్రాళ్లు కనిపిస్తారు. మా మేనల్లుడు వారిలో ఒకడు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా యువకులు తమ సైనిక నమోదు కార్డులను తగలబెట్టారని చెబితే వాడు నమ్మలేదు. "ఆళ్లకి ఉజ్జోగం అక్కర్లేదేటి మావా?" అన్నాడు.

వాడికి సైన్యం కోరి వెతుక్కుంటున్న కొలువు. వాళ్లకది కాదనడానికి వీల్లేని పిలుపు. కాలేజీ చదువుల్లో ఉన్నవారికి వాయిదా దొరికేది కనుక, చదివించే స్తోమత లేని ఇళ్ల మీదే బరువు ఎక్కువగా పడింది. విమర్శలు పెరిగాక, ఏ తేదీన పుట్టినవారిని ముందు పిలవాలో తేల్చడానికి 1969 డిసెంబరు 1న లాటరీ తీశారు. 366 తేదీలను నీలిరంగు ప్లాస్టిక్ గుళికల్లో పెట్టి ఒక్కొక్కటిగా తీస్తే, మొదట సెప్టెంబరు 14 వచ్చింది. గుళికలను నెలలవారీగా పోసి సరిగా కలపకపోవడంతో, ఏడాది చివర పుట్టినవారికే ముందు నంబర్లు ఎక్కువగా పడ్డాయని గణాంక నిపుణులు తేల్చారు. ఆ లాటరీలో 195వ నంబరు వరకు పిలుపులు వెళ్లాయి. మా తరంలో బడిలో చేర్చుకున్న మాస్టారే తోచిన తేదీ రాసేవారు. నా సర్టిఫికెట్‌లోని జూలై 1 అలా వచ్చినదే. అటువంటి తేదీ మీద ప్రాణం ఆధారపడితే ఎవరిని అడగాలి?

వైద్యుల చీటీలతో తప్పించుకున్నవారిని, కెనడా వెళ్లిపోయినవారిని నేను తప్పుపట్టను. అయినా నా గౌరవం ఎక్కువగా, కాదని ముఖం మీదే చెప్పి శిక్షకు సిద్ధపడినవారికి దక్కుతుంది. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునేందుకు తన పేరు పిలిచినప్పుడు, చేరుతున్నట్టు గుర్తుగా వేయాల్సిన అడుగును మహమ్మద్ అలీ ముందుకు వేయలేదు. బాక్సింగ్ టైటిల్ పోయింది, ఐదేళ్ల జైలుశిక్ష పడింది. అప్పీలు కారణంగా జైలుకు వెళ్లకపోయినా, 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసేసరికి ఆయన మంచి వయసులో మూడేళ్లకు పైగా బరికి దూరమయ్యాడు. తప్పించుకున్నవారికి అధ్యక్షుడు కార్టర్ క్షమాభిక్ష ప్రకటించింది 1977 జనవరిలో.

"మరి డిసెంబరు 30కి ఎంతొచ్చింది?" అని అడిగాడు మావాడు. అది వాడి పుట్టినరోజు. మూడో నంబరని చెప్పాను. కాసేపు బూటు లేసు కడుతూ ఉండిపోయి, "ఇంకా రెండు రౌండ్లున్నాయి మావా" అంటూ లేచి వెళ్లాడు.