పిలిస్తే సరిపోదు

శాంతి చర్చలకు అందరినీ పిలిచామని చెప్పుకోవడం తేలికే. వచ్చినవాళ్లు నోరు విప్పగలిగారా లేదా అన్నదే నన్ను వదలని ప్రశ్న.

రెండు వర్గాలు కూర్చున్నచోట ముందు పెద్దమనుషులే మాట్లాడతారు. ఆ మాటను కాదనే ధైర్యం ఆడవాళ్లకు, కుర్రాళ్లకు ఉండదు. అందుకే ముందు ఆరేడుగురు చొప్పున విడిగా కూర్చోబెట్టాలి. చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సరేనన్నాకే ఉమ్మడి సమావేశానికి తేవాలి. పేర్లు మాత్రం రాయొద్దు, ఇంటికెళ్లాక నిలదీస్తారు. దారిఖర్చులు, పనిమానని వేళ, పిల్లల్ని చూసుకునే మనిషి... ఇవి చూడకపోతే రెండోసారి రారు.

ఉత్తర ఐర్లాండ్‌లో కేథలిక్, ప్రొటెస్టంట్ మహిళలు కలిసి పెట్టుకున్న ఉమెన్స్ కోయలిషన్ అనే పార్టీ 1996లో సుమారు 1 శాతం ఓట్లతోనే ఆ రెండు వర్గాల గొడవను ఆపే శాంతి చర్చల్లోకి వచ్చింది. ఓట్లలో మొదటి పది పార్టీలకు తలా రెండు స్థానాలు ఇవ్వాలన్న నియమమే ఆ తలుపు తీసింది. ఆ చర్చల్లో కుదిరిన 1998 శాంతి ఒప్పందంలో బాధితుల ప్రస్తావన, రెండు వర్గాల పిల్లలు కలిసి చదివే బడుల మాట చేరడంలో వాళ్ల కృషి ఉంది. నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఇది.

అదే ఒప్పందంతో 2000లో మొదలైన పౌర వేదిక (ప్రజా సంఘాలవాళ్లు ప్రభుత్వానికి సలహాలిచ్చే సభ) మాత్రం 2002లో అసెంబ్లీతో పాటే ఆగిపోయింది. అసెంబ్లీ తర్వాత తిరిగొచ్చింది, వేదిక రాలేదు.