సీపీఎస్ డబ్బు చేతికొచ్చేదాకా

టీచరుగా రిటైరయ్యాను. నా ప్రాన్ ఖాతాలో, అంటే పింఛను కోసం దాచే ఖాతాలో, ఉన్న డబ్బు నిన్న బ్యాంకులో పడింది. కోపం చల్లారకముందే ఇది రాసేయాలి.

మాది 2003 డీఎస్సీ. పోస్టింగులు ఇచ్చేసరికి 2004 సెప్టెంబరు 1 దాటిపోయింది కాబట్టి పాత పింఛను లేదు, సీపీఎస్సే, అంటే మన వాటా మనం కట్టుకునే పింఛను పథకమే గతి. బేసిక్, డీఏ మీద 10 శాతం మా జీతంలో కోసి, ప్రభుత్వం అంతే కలుపుతుంది. రిటైరయ్యాక పోగైన దాంట్లో 60 శాతం మన చేతికి, మిగతా 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పింఛనులా వచ్చే సొమ్ము.

దరఖాస్తు, పాస్‌బుక్కు, ఫొటోలు అన్నీ సాఫీగానే అయ్యాయి. చంపింది మిస్సింగ్ క్రెడిట్స్.

జీతంలో కోత పడింది, ఖాతాలో జమ కాలేదు. అలాంటి నెలలు నా సర్వీసు మొదట్లో వరసగా ఉన్నాయి. లెక్కల మాస్టార్ని, ప్రతి నెలా పే స్లిప్పు చూసి రెండొందల పేజీల నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. అది పట్టుకుని సబ్ ట్రెజరీకి వెళితే అక్కడి ఉద్యోగి పుస్తకం తెరవనుకూడా లేదు. "మీ చేతిరాత మాకెందుకు మాస్టారూ, జీతం బిల్లుకి ట్రెజరీ వేసిన టోకెన్ నంబరు, తేదీ తెండి. అయినా జీతం తీసుకునేటప్పుడు చూసుకోలేదా?" అన్నాడు, వరండాలో పదిమంది వింటుండగా. చూసుకున్నాను కాబట్టే కదయ్యా వచ్చింది! కూర్చోమని కూడా అనలేదు.

అప్పట్లో నేను పనిచేసింది వేరే మండలంలో. జీతాల బిల్లులు పెట్టింది అక్కడి ఎమ్మీవో (మండల విద్యాధికారి) ఆఫీసు. టోకెన్ నంబర్ల కోసం అక్కడికే పోయాను. ఆ ఆఫీసు ఈ మధ్యలో భవనం మారింది. పాత బిల్లుల కట్టలు మెట్ల కింద గోనెసంచుల్లో ఉన్నాయి, సగం చెదలు తినేశాయి. అటెండరు పుణ్యమా అని, ఇద్దరం నేలమీద కూర్చుని ఒక్కో కట్టా విప్పాం. బిల్లు మూల ఎర్రసిరాతో టోకెన్ నంబరు కనపడినప్పుడల్లా ఆయన "దొరికిందండీ!" అని కేకేసేవాడు. ఆ మనిషికి ఉన్న శ్రద్ధ ట్రెజరీలో ఒక్కరికి ఉంటే చాలు.

ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెబుతున్నా. ఏటా స్టేట్‌మెంటు తీసి జమలు సరిచూసుకోండి, బదిలీ అయ్యేలోపే పాత చోట టోకెన్ నంబర్లు రాయించుకోండి. యూనియన్ నాయకులు చూసుకుంటారని మాత్రం కూర్చోకండి. ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడు తప్ప మనం వాళ్లకి గుర్తురాం. వారంలో సీపీఎస్ రద్దన్న హామీ 2019లో విన్నాం, 2023లో రద్దుకి బదులు జీపీఎస్ (గ్యారంటీ పింఛను పథకం) చట్టం చూశాం.

యాన్యుటీ నెలకు ఏడు వేల చిల్లర వస్తుందట. మా ఊళ్లో వృద్ధాప్య పింఛను 4,000. నాకంటే ముందు డీఎస్సీలో చేరి, నాతో ఒకే స్టాఫ్‌రూములో కూర్చున్నాయనకి ఆఖరి బేసిక్‌లో సగం, పైన డీఏ. నాది పెరగదు.

డీఏ బకాయిల్లో కోసిన రెండు వాయిదాలు ఇంకా తేలలేదు. వాటికి వేరే అర్జీ పెట్టి, నకలు మీద ఆఫీసు స్టాంపు వేయించుకునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.