మంచం కింద కమలిని: మూడు పేజీల కథతో అయిదు నెలలు

జనవరి

గురజాడ ‘దిద్దుబాటు’ కథను పొట్టి సినిమాగా తీస్తున్నాను. నిజానికి నేను మొదట మనసు పడిన కథ ఇది కాదు. 1970ల నాటి ఒక కథ నాలుగేళ్లుగా తలలో తిరుగుతోంది. సీన్ ఆర్డర్ కూడా రాసుకున్నాక, కథ నాది కాదన్న సంగతి తీరిగ్గా గుర్తొచ్చింది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి. ఉదాహరణకు ‘గ్రహణం’ సినిమాకు మూలం చలం కథ ‘దోషగుణం’. ఆయన 1979లో పోయారు కాబట్టి ఆయన కథ దేన్ని ముట్టుకోవాలన్నా 2039 చివరి దాకా అనుమతి ఉండాల్సిందే.

నాకు నచ్చిన కథ తాలూకు వారసులు ఫోనులో “తీసుకోండి బాబూ, దానికేముంది” అన్నారు. పెద్ద మనసే, కానీ నోటిమాట చెల్లదు. హక్కు బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. గడువు రాసుకోకపోతే 5 ఏళ్లే అని లెక్క. ప్రాంతం రాసుకోకపోతే మన దేశం వరకే. ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరే షరతు రాసుకుని ఉంటే తప్ప, ఆ బదిలీ రద్దయినట్టే. ఆదివారాలు మాత్రమే సినిమా తీసే నాకు ఈ చివరిది చదవగానే చెమటలు పట్టాయి. కాగితం సంగతి రెండుసార్లు అడిగాను, జవాబు రాలేదు. మూడోసారి అడగడానికి మొహమాటమేసింది.

గురజాడ 1915లోనే పోయారు. ‘దిద్దుబాటు’ 1910 నాటిది. ఎవరినీ అడగక్కర్లేదు. సానిపాటకు (వేశ్యల పాటకచేరీకి) పోయి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే గోపాలరావుకు బుద్ధి చెప్పాలని, భార్య కమలిని వెళ్లిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంటుంది; మూడో మనిషి నౌకరు రాముడు. ఒక రాత్రి, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, వారిలో ఒకరు చివరిదాకా కనబడరు. ఇంతకంటే చవకైన కథ దొరుకుతుందా?

ఫిబ్రవరి

చవక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను తెలంగాణ పల్లెకు తెచ్చి 1977లో ‘ఒక ఊరి కథ’ తీశారు కదా, నేను గోపాలరావును నేటి అపార్టుమెంటుకు తేలేనా అనుకున్నాను. రెండు వారాలు కూర్చుని 19 పేజీలు రాశాను. పేజీకి ఒక నిమిషం అన్న లెక్కన 19 నిమిషాలు. మా మేనకోడలు చదివి ఒకే ప్రశ్న వేసింది: “భార్య కనబడకపోతే ఫోను చేయడా మామయ్యా?” చేస్తాడు. మంచం కిందే మోగుతుంది. కథ రెండో నిమిషంలో అయిపోతుంది. 19 పేజీలూ చెత్తబుట్టలోకి వెళ్లాయి.

మళ్లీ 1910కే వచ్చాను. రెండో ప్రతి 11 పేజీలు. అందులో గోపాలరావు సానిపాటకు వెళ్లడం, అక్కడ మైమరచిపోవడం, కమలిని ఉత్తరం రాయడం, అన్నీ కళ్లకు కట్టేలా రాశాను. రాయడం బాగానే ఉంది, తీసేదెవరు? పైగా ఉత్తరం రాసే చెయ్యి చూపించానంటే ఆమె పన్నాగం అక్కడే బయటపడుతుంది.

మార్చి

పుస్తకం పక్కన పడేసి కథను ఫోనులో నేనే చదివి రికార్డు చేశాను. నడకకు వెళ్లినప్పుడు వింటూ ఉంటే నాలుగో రోజున తట్టింది. ఈ కథ మొదలయ్యేది “తలుపు! తలుపు!” అనే కేకతో. వెంటనే గడియారం ఒంటిగంట కొడుతుంది. ముగిసేది మంచం కింది నుంచి వచ్చే నవ్వుతో, గాజుల చప్పుడుతో. ఇది చూసే కథ కాదు, వినే కథ. నేనేమో రెండు నెలలుగా కమలినిని కెమెరాకు కనబడకుండా ఎలా దాచాలా అని బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను. ఆమెను దాచే బరువంతా చీకటి మీద, చెవి మీద వేయవచ్చు.

మూడో ప్రతి 7 పేజీలు. సానిపాట తీసేశాను. ఉత్తరం గోపాలరావే పైకి చదువుతాడు, ఆమె గొంతు వినిపించదు. గొంతు వినిపిస్తే మనిషి దగ్గర్లోనే ఉందనిపిస్తుంది. ‘ప్రియా’ బదులు ‘అయ్యా!’ అన్న సంబోధన దగ్గర అతను ఆగిపోవడమే నాకు కావలసిన నటన.

ఏప్రిల్

షూటింగు బొబ్బిలి దగ్గర పెద్దమ్మగారి పెంకుటింట్లో, రెండు రాత్రులు.

ఫోను కెమెరాతో సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుగు తీసుకునే సమయం) 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ షట్టర్‌కు బల్బులు మినుకుమనవు. 1/60కి మారిస్తే గోడ మీద చారలు పాకడం కళ్లారా చూశాను. అగ్గిపుల్ల షాటు మాత్రం చంపేసింది. కథలో అతను నిర్ఘాంతపోతే చేతిలోని అగ్గిపుల్ల జారి గది చీకటైపోతుంది. పుల్ల నిలకడగా వెలిగేది ఆరేడు సెకన్లే. ఆ లోపే అతను మంచం వైపు చూడాలి, ఖాళీ పరుపు కనబడాలి, ముఖం మారాలి. 22 పుల్లలు గీశాక, అరచేతిలో నారింజ కాగితం చుట్టిన చిన్న ఎల్‌ఈడీ అంటించి వెలుగు నిలబెట్టాం.

నవారు మంచం కింద 14 అంగుళాల ఖాళీ. దుప్పటి అంచు నేల దాకా వేలాడదీశాం. కమలినిగా దాని కింద పడుకున్న మేనకోడలికి దుమ్ము పడదు. గోపాలరావు పశ్చాత్తాపంతో కుమిలిపోతున్న టేకులో మంచం తుమ్మింది. ఆ ముక్క దాచుకున్నాను.

శబ్దం కోసం ఫ్యాన్లు ఆపాం, ఫ్రిజ్ ప్లగ్గు పీకాం, తెల్లవారి మళ్లీ పెట్టడం మరిచాం. మూడు లీటర్ల పాలు విరిగిపోయాయి. పెద్దమ్మ ఏమీ అనలేదు, కాఫీ మాత్రం డికాక్షనే ఇచ్చింది.

మే

కత్తిరింపులయ్యాక 8 నిమిషాల 40 సెకన్లు వచ్చింది. నౌకరు రాముడి వేషం వేసిన బ్యాంకు మిత్రుడు అందరికంటే బాగా చేశాడు. అతని యాస సొంతం, నేర్పక్కర్లేదు.

గాజుల చప్పుడే ఇంకా కుదరలేదు. బీరువాలో బొంతలు కట్టి రికార్డు చేసిన గాజు గాజులు గ్లాసుల్లా మోగుతున్నాయి. బంగారు గాజులు రెండే అయితే మొద్దుగా ఉన్నాయి. ఆదివారం పెద్దమ్మ తన నాలుగు జతలూ తెస్తానంది. మంచం కిందే, ఆ గదిలోనే తీయాలి.