బిడ్డ సంపాదన బిడ్డ పేరు మీదే

మా బిడ్డ ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. పదిహేడేళ్లు. ఇక్కత్ చీరలకు డిజైన్లు గీసి డబ్బు సంపాదిస్తోంది. మాది గట్టుప్పల్. నేను నల్గొండలో సర్కారు బడిలో లెక్కల సారుగా స్థిరపడ్డాను గానీ, ఊళ్లో మా అన్న ఇంట్లో మగ్గాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. సెలవుల్లో వాళ్ల పెద్దనాయన పక్కన కూర్చుని కూర్చునే తనకు ఈ పని అబ్బింది.

ఈ డబ్బు ఎవరి లెక్కలో చూపించాలన్న దాని మీద మా స్టాఫ్ రూమ్‌లో పెద్ద చర్చే నడిచింది. "గంత చిన్నపిల్లకు టాక్స్ ఏంది సార్, ఇడిసిపెట్టండి" అన్నారు కొందరు. "మైనర్ కదా, మీ జీతంలో కలపాల్సిందే" అని ఇంకొందరు గట్టిగా చెప్పారు. రెండూ సరికావు. పిల్లలు ఏదో ఒక పని చేసుకుని సంపాదిస్తున్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మెహందీ పెట్టేవాళ్లు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, కేకులు చేసి అమ్మేవాళ్లు. వాళ్ల తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 64(1ఎ) ప్రకారం, మైనర్ పిల్లల ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారి ఆదాయంలో కలపాలి. చాలామంది ఇంతవరకే విని ఆగిపోతారు. దాని వెంటే మినహాయింపు ఉంది. ఒంటి కష్టంతో గానీ, సొంత నైపుణ్యం, ప్రతిభ, ప్రత్యేక పరిజ్ఞానం, అనుభవంతో గానీ పిల్లలు సంపాదించుకున్నది కలపకూడదు. అది వాళ్ల సొంత ఆదాయం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, అందులోనూ ఈ సూత్రం ఇలాగే ఉంది.

మా బిడ్డది నైపుణ్యమా కాదా అని ఎవరికైనా అనుమానముంటే ఒకసారి తన గ్రాఫ్ పుస్తకం చూడాలి. ఇక్కత్‌లో బొమ్మ నేసేటప్పుడు పుట్టదు. నూలుకు రంగు అద్దకముందే ఎక్కడ ముడి కట్టాలి, ఎక్కడ వదలాలి అన్నది తేలిపోవాలి. ఆ ముడులు కట్టేవాళ్లకు దారి చూపేది ఈ గ్రాఫే. ఒక్కో గడి కొన్ని పోగులకు లెక్క. పెన్సిల్‌తో గళ్లు నింపుకుంటూ, ఏనుగు తొండం దగ్గరికి వచ్చేసరికి వంపు కుదరక చెరిపి మళ్లీ మొదలుపెడుతుంది. ఒక గడి అటూ ఇటూ అయితే కొంగు మీద బొమ్మ మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. ముప్పై ఏళ్ల అనుభవమున్న మా అన్న ఆ కాగితం చూసి "ఇది కట్టొచ్చు బిడ్డా" అన్నాడంటే అది పైసలిచ్చి కొనుక్కునే పనే. నా జీతంలో ఒక వరుసగా దాన్ని కలిపేయడానికి నాకు మనసు ఎలా ఒప్పుతుంది? తన కష్టాన్ని చట్టమే తనదంటున్నప్పుడు తండ్రిగా నేను ఇంకోలా ఎందుకు రాయాలి?

2025-26లో తనకు వచ్చింది మొత్తం లక్షా నలభై వేలు. గట్టుప్పల్, పుట్టపాక నేతన్నలు ఇచ్చింది ఎనభై వేలు, హైదరాబాద్‌లో ఒక బొటిక్ ఇచ్చింది అరవై వేలు. ఆ బొటిక్ 10 శాతం, అంటే 6,000 రూపాయలు టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) కోసింది. ఫీజు ఏడాదికి 50,000 దాటితే కోయాలి, వాళ్లు చేసింది సరైనదే. మన దగ్గర హాబీ ఆదాయమని వేరే పద్దు లేదు. డబ్బు కోసం క్రమంగా చేస్తున్న పని కాబట్టి వ్యాపారం, వృత్తి కిందే చూపించాం. గ్రాఫ్ పుస్తకాలు, రంగు పెన్సిళ్లు, హైదరాబాద్ బస్ చార్జీలు ఖర్చులోకి వెళ్లాయి. గీయడానికి కొన్న టాబ్లెట్ ధర మాత్రం ఒకే ఏడాది ఖర్చుగా రాయకూడదు, తరుగుదల కింద ఏటా కొంత తీసుకోవాలి.

పన్ను లెక్కకు పాతది, కొత్తది అని రెండు విధానాలున్నాయి. కొత్త విధానంలో ఆ ఏడాదికి 4 లక్షల వరకు పన్ను లేదు. అంటే తను కట్టాల్సింది సున్నా. రిటర్ను తప్పనిసరి కూడా కాదు. కానీ ఆ 6,000 వెనక్కి రావాలంటే వేయాలి. నా జీతంలో కలిపి ఉంటే, వెనక్కి రావడం మాట అటుంచి, నా శ్లాబు ప్రకారం పన్ను పడేది.

వేయడం కష్టమేమీ కాదు. మైనర్‌కూ పాన్ కార్డు ఇస్తారు, దాని మీద ఫొటో, సంతకం ఉండవు. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో గార్డియన్ ప్రతినిధిగా నమోదు చేసుకుని బిడ్డ తరఫున రిటర్ను వేయాలి. బిల్లులు, డిజైన్ల ఫొటోలు, వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు దాచిపెట్టండి. పని నిజంగా పిల్లలదేనని చూపేవి అవే. తల్లిదండ్రులు తమ షాపు ఆదాయాన్ని పిల్లల పేర రాసుకోవడానికి ఈ మినహాయింపు లేదు. అలా చేస్తే నిజంగా కష్టపడే పిల్లల మీద కూడా అనుమానం వస్తుంది.

ఒక మెలిక ఉంది. తన సంపాదనలో యాభై వేలు ఎఫ్‌డీ వేసింది. ఆ వడ్డీ నైపుణ్యంతో వచ్చింది కాదు కదా, అందుకని అది నా ఆదాయంలో కలుస్తుంది. పాత విధానంలో ఉన్నవాళ్లకు బిడ్డకు 1,500 చొప్పున మినహాయింపు దొరుకుతుంది. నేను కొత్త విధానంలో ఉన్నాను, నాకు రాదు. వడ్డీ మొత్తం నా రిటర్నులో చూపించాను.

డాలస్‌లో మా తోడల్లుడి కొడుకు ఇరుగుపొరుగు ఇళ్లలో గడ్డి కోసి సంపాదిస్తాడు. అక్కడ కూడా పిల్లలు పనిచేసి తెచ్చుకున్నది తల్లిదండ్రుల రిటర్నులో కలపరు. సొంత పని మీద ఖర్చులు పోను 400 డాలర్లు మిగిలితే చాలు, తల్లిదండ్రుల మీద ఆధారపడిన పిల్లాడైనా తన పేర రిటర్ను వేసి స్వయం ఉపాధి పన్ను కట్టాలి. లెక్క ప్రకారం మనవాళ్లకే సులువు.

డిసెంబర్‌లో మా బిడ్డకు పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు పాన్‌లో ఫొటో, సంతకం చేర్పించాలి, పోర్టల్ ఖాతా తన చేతికి ఇవ్వాలి. ఆ రోజు వరకు ఎఫ్‌డీ వడ్డీ నా లెక్కలోకి, ఆ తర్వాతది తన లెక్కలోకి. వచ్చే రిటర్ను తనే నింపుతుంది, నేను పక్కన కూర్చుంటాను.